ఒక పరుగు, ఒక హిట్, ఒక తప్పు

కొందరికి కథలు చదవడం సరదా. కొందరికి వార్తలు. నాకు మాత్రం గళ్లు గీసి అంకెలు వేసిన కాయితం ఏది దొరికినా పండగే. రైల్వే టైమ్‌టేబుల్ అంటే ప్రాణం. ఎక్కవలసిన రైలంటూ లేకపోయినా సరే, ఏ ప్యాసింజరు ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగుతుందో, ఏ ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడం కోసం ఎక్కడ పడిగాపులు పడుతుందో చూసుకుంటూ మధ్యాహ్నాలకి మధ్యాహ్నాలు గడిపేసిన వాణ్ణి. పంచాంగంలో తిథివార నక్షత్రాలు, పెళ్లివారి సరుకుల పట్టీ, పచారీకొట్టు చిట్టా అన్నీ ఇష్టమే. "అంకెల పిచ్చి" అంటుంది మా ఆవిడ. ముప్ఫైమూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పినవాడికి అంకెల పిచ్చి కాక సంగీతం పిచ్చి పడుతుందా, మీరే చెప్పండి.

అలాంటి కాయితాలన్నిటిలోకీ ఈమధ్య నా మనసు దోచుకున్నది ఒకటుంది. అరచేతిలో ఇమిడిపోయే పేపరు ముక్క. అమెరికావాళ్ల బేస్‌బాల్ ఆటకి సంబంధించిన లెక్క. దాన్ని "బాక్స్ స్కోర్" అంటారు. బేస్‌బాల్ అనగానే పేజీ తిప్పెయ్యకండి. మీకు ఆట నేర్పను. అయినా ఈ లెక్కకీ మనకీ కాస్త చుట్టరికం ఉంది. దీన్ని రూపొందించిన హెన్రీ చాడ్విక్ అనే ఆయన 1824లో ఇంగ్లండులో పుట్టాడు. చిన్నప్పుడే అమెరికా వెళ్లిపోయి, న్యూయార్కు పేపర్లకి క్రికెట్ పోటీల గురించి రాస్తూ ఉండేవాడు. తర్వాత బేస్‌బాల్ మోజులో పడి, క్రికెట్ స్కోరు అలవాటుతోనే 1859లో ఆ ఆటకీ ఒక పట్టిక కట్టాడు. కాబట్టి మన పేపర్లలో వచ్చే క్రికెట్ స్కోరుకార్డూ, ఇదీ ఒకే తాతకి మనవలు.

ఇది నా చేతికెలా వచ్చిందంటే, 2023 వేసవిలో మేమిద్దరం షికాగో పక్కనున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. పక్కింట్లో డెబ్బయ్యేళ్ల ముసలాయన ఉండేవాడు. రిటైరైన పోస్ట్‌మాన్. సాయంత్రం పూట వరండాలో కూర్చుని రేడియోలో బేస్‌బాల్ వింటూ, ఒళ్లో అట్టపుస్తకం పెట్టుకుని పెన్సిలుతో గళ్లు నింపుతూ ఉండేవాడు. గళ్లు కనిపిస్తే నా కాళ్లు ఆగవు. ఆయన ఇంగ్లీషు నాకూ, నా ఇంగ్లీషు ఆయనకీ సగం సగమే అర్థమయ్యేవి. పదేళ్ల మా మనవడు మధ్య దుబాసీగా ఉండేవాడు. వాడి తెలుగు అంతంతమాత్రం. "తాతయ్యా, ఈయన చెప్తున్నాడు, ఇది చాలా పాత పేపరు, కానీ చాలా మంచి ఏడుపు" అని ఒకరోజు నా చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక ముక్క పెట్టాడు. మంచి ఏడుపు ఏమిట్రా అంటే, దానికి తెలుగు తెలియదన్నాడు.

చూశాను. 1965 సెప్టెంబరు 9, గురువారం రాత్రి, లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియంలో జరిగిన ఆట. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ ఒకవైపు, షికాగో కబ్స్ ఒకవైపు. చూడ్డానికి వచ్చిన జనం 29,139. ఆట పట్టిన వ్యవధి గంటా నలభైమూడు నిమిషాలు. ఆ వారం మన దేశంలో పాకిస్తాన్ యుద్ధం. నేను హైస్కూలు విద్యార్థిని. ఊళ్లో పంచాయతీ రేడియో చుట్టూ జనం మూగి ఉండేవారు. అదే వారంలో భూగోళానికి అటుపక్క పన్నెండేళ్ల ఈ కుర్రాడు మర్నాటి పేపరు తెరిచి, ఈ ముక్క కత్తిరించి దాచుకున్నాడన్నమాట. అతని జట్టు కబ్స్. ఓడిపోయిన జట్టు.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పకపోతే కాయితం గొప్పతనం తెలియదు. అటు తొమ్మిది మంది, ఇటు తొమ్మిది మంది. జట్టుకి తొమ్మిదేసి ఇన్నింగ్సు. ఇన్నింగ్స్ అంటే మన టెస్టు మ్యాచిలోలాగా పూటల తరబడి సాగేది కాదు. ముగ్గురు ఔటయితే అయిపోయినట్టే. అంటే జట్టుకి ఇరవయ్యేడు ఔట్లు. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. బ్యాటు పట్టుకున్నవాడి వెనక కూచునే వికెట్‌కీపరులాంటివాడు క్యాచర్. మైదానంలో నాలుగు మూలలా నాలుగు బేసులు. బంతిని కొట్టినవాడు బ్యాటు అక్కడే పారేసి మొదటి మూలకి పరిగెత్తాలి. అక్కణ్ణించి వీలు చూసుకుని రెండోది, మూడోది దాటి, బయల్దేరిన చోటికే మళ్లీ చేరితే ఒక పరుగు. ఆ చోటుని వాళ్లు "హోమ్" అంటారు. ఇల్లు వదిలి, నాలుగు వీధులూ తిరిగి, దొరక్కుండా ఇంటికి చేరడమే ఆట. ఇంత తేలికైనదాన్ని పెద్దవాళ్లు జీతాలు తీసుకుని ఆడతారా అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఇక కాయితం. కబ్స్ ఆటగాళ్ల పేర్ల పక్కన పరుగుల గడిలో సున్నాలు, హిట్ల గడిలో సున్నాలు. పైనించి కిందికి ముత్యాల సరం గుచ్చినట్టు సున్నాలు. డాడ్జర్స్ పిచర్ సాండీ కోఫాక్స్ ముందుకి ఇరవయ్యేడు మంది వచ్చారు, ఇరవయ్యేడు మందీ ఔటయ్యారు. ఒక్కడంటే ఒక్కడు మొదటి మూలకైనా చేరలేదు. దీన్ని "పర్ఫెక్ట్ గేమ్" అంటారు. 1880లో మొదటిది నమోదైంది మొదలు 2023 దాకా ఆ దేశపు పెద్ద లీగుల్లో ఇలాంటివి జరిగినవి 24 మాత్రమే. ఇది వాటిలో ఎనిమిదోది. బంతిని కొట్టలేకపోయినందుకే ఔటైనవాళ్లు పద్నాలుగు మంది. అలా ఔటైనప్పుడు స్కోరు రాసేవాళ్లు ఇంగ్లీషు "కే" అక్షరం వేస్తారు. అదీ మన చాడ్విక్‌గారు పెట్టిన గుర్తే. బంతి చూస్తూ బ్యాటు ఊపకుండానే నిలబడిపోయి ఔటైతే, అదే "కే"ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. ఆ ఆట చివర్లో వరసగా ఆరుగురు "కే"లే. షికాగో వాళ్లు దేవుడిలా చూసుకునే ఎర్నీ బ్యాంక్స్ వచ్చిన మూడుసార్లూ "కే"నే.

ఇంతవరకూ బాగానే ఉంది. గెలిచినవాడి గొప్ప ఎక్కడైనా చదువుకోవచ్చు. నన్ను పట్టి ఆపేసింది కిందిపక్క, అంటే గెలిచిన డాడ్జర్స్ పక్క.

గెలిచినవాళ్లు ఎన్ని పరుగులు తీశారనుకుంటున్నారు? ఒకటి. ఎన్ని హిట్లు కొట్టారు? ఒకటి. మైదానంలో రెండు జట్లూ కలిసి కొట్టిన హిట్లు వెరసి ఒక్కటే. పెద్ద లీగుల చరిత్రలో ఇంతకంటే తక్కువ హిట్లతో జరిగిన ఆట లేదు. కబ్స్ పిచర్ పేరు బాబ్ హెండ్లీ. ఆ రాత్రి అతను కూడా కోఫాక్స్‌కి దీటుగానే బంతులు వేశాడు. రెండు పక్కలా కలిపి బ్యాటు పట్టుకుని వచ్చినవి 53 సార్లు. అందులో మొదటి మూలకి చేరినవి రెండుసార్లు. ఆ రెండుసార్లూ మనిషి ఒక్కడే, లూ జాన్సన్ అనే డాడ్జర్స్ ఆటగాడు.

సరే, ఒక హిట్, ఒక పరుగు, లెక్క సరిపోయింది కదా అనుకున్నాను. పోస్ట్‌మాన్ తల అడ్డంగా ఊపాడు. ఆ హిట్‌కీ, ఆ పరుగుకీ సంబంధం లేదట! పరుగు వచ్చింది అయిదో ఇన్నింగ్స్‌లో. హిట్ కొట్టింది ఏడో ఇన్నింగ్స్‌లో. ఆ హిట్ వల్ల జాన్సన్ రెండో బేస్ దాకా వెళ్లి, అక్కడే మిగిలిపోయాడు.

మరి పరుగు ఎలా వచ్చిందయ్యా అంటే, కాయితం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. బంతులు అందకుండా నాలుగుసార్లు వేస్తే, కొట్టేవాడు ఆడకుండానే మొదటి మూలకి నడిచిపోవచ్చు. హెండ్లీ ఆ రాత్రి అలా నడిపించింది ఒక్కణ్ణే, ఈ జాన్సన్‌నే. తర్వాత వచ్చిన రాన్ ఫెయిర్లీ బంతిని మెల్లిగా నేలమీద తట్టి, తాను ఔటైపోతూ జాన్సన్‌ని రెండో మూలకి జరిపాడు. ఇలాంటి ఔటుకి ఆ లెక్కలో ఏమని పేరో తెలుసా? "త్యాగం". పేరు పెట్టి ఊరుకోలేదు. త్యాగం చేసినవాడి సగటు తగ్గకూడదని, ఆ ఔటుని అతను ఆడినట్టే లెక్కలో వెయ్యరు. ఇంత మర్యాద నేను ఏ రిజిస్టర్లోనూ చూడలేదు.

జాన్సన్ రెండో మూలలో నిలబడి, అదను చూసి మూడో మూలకి దౌడు తీశాడు. అతన్ని పట్టుకోవడానికి కబ్స్ క్యాచర్ క్రిస్ క్రుగ్ బంతి విసిరాడు. ఆ ఏడాదే పెద్ద లీగులోకి వచ్చిన కొత్త కుర్రాడు. బంతి మూడో మూలలో ఉన్నవాడికి అందకుండా పైనించి పోయి, ఎడమపక్క గడ్డిలో పడింది. జాన్సన్ లేచి తాపీగా ఇంటికి పరిగెత్తాడు. ఒక పరుగు. అదే ఆట. ఎవడి దెబ్బ వల్ల పరుగు వచ్చిందో రాసే గడి ఒకటుంటుంది. గెలిచిన జట్టుకి ఆ గడిలో పైనించి కిందిదాకా సున్నాలే! ఎవడూ కొట్టలేదు, పరుగు మాత్రం వచ్చింది.

కాయితంలో ఇవన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. దొంగతనం: జాన్సన్. త్యాగం: ఫెయిర్లీ. తప్పు: క్రుగ్. మన పురాణాల్లో చెయ్యడానికి మూడు పర్వాలు పట్టే పని మూడు లైన్లలో అయిపోయింది.

లెక్కల మేష్టార్ని గనక నాకు వెంటనే పుట్టిన అనుమానం: ఈ లెక్క తప్పులేకుండా ఉందని ఏమిటి నమ్మకం? పోస్ట్‌మాన్ ఉషారుగా పెన్సిలు తీశాడు. దానికో రుజువు ఉందట. బ్యాటు పట్టుకుని వచ్చిన ప్రతివాడూ చివరికి మూడిట్లో ఒకచోట తేలాలి: ఔటవ్వాలి, ఇంటికి చేరాలి, లేదా ఏదో ఒక మూలలో మిగిలిపోవాలి. డాడ్జర్స్‌కి వచ్చినవాళ్లు 26. ఔటయినవాళ్లు 24. గెలుస్తున్న సొంతూరి జట్టుకి తొమ్మిదో ఇన్నింగ్స్ ఆడే పని ఉండదు కాబట్టి 27 కాదు, 24. ఇంటికి చేరినవాడు 1. మిగిలిపోయినవాడు 1. వెరసి 26. కబ్స్‌కి వచ్చినవాళ్లు 27, ఔటయినవాళ్లు 27. చెల్లుకి చెల్లు. ఎక్కడికి పోయాడో తెలియని మనిషి ఒక్కడూ ఉండకూడదు. ఆ రుజువు చూసినప్పుడు నా ఒళ్లు పులకరించిందంటే నమ్మండి. మా ఆవిడ చలేమో, స్వెట్టర్ వేసుకోండి అంది.

ఇక అసలు గడికి వస్తాను. పిచర్ల లెక్క విడిగా ఉంటుంది. హెండ్లీ పేరు పక్కన: ఇన్నింగ్సు 8, హిట్లు 1, పరుగులు 1. ఆ తర్వాత గడిలో సున్నా. అదేమిటి, పరుగు ఒకటి ఇచ్చాడు కదా, పక్కనే సున్నా ఏమిటి?

అక్కడుంది కిటుకు. మనకి ఆస్తుల్లో స్వార్జితం, పిత్రార్జితం అని ఉన్నట్టే, వాళ్లకి పరుగుల్లో ఆర్జితం, అనార్జితం అని రెండు రకాలు. పిచర్ వల్ల వచ్చిన పరుగు ఆర్జితం. పక్కవాడి తప్పు లేకపోతే రాకుండా పోయేది అనార్జితం. ఈ రెండోరకం పిచర్ సగటుకి ఎక్కదు. అంటే ఆ కాయితం చెప్పేదేమిటంటే, "అయ్యా, పరుగు ఇతని చేతిమీదుగా పోయిన మాట నిజం. కానీ దానికి జవాబుదారీ ఇతను కాదు." ఆ మాట చెప్పడానికి దానికి ఒకే ఒక్క సున్నా చాలింది.

ఇదంతా మా ఆవిడకి చెబితే, "ఇందులో వింతేముంది? కూర వండేది నేను. మీ అమ్మాయి వచ్చి ఉప్పు వెయ్యలేదనుకుని మళ్లీ వేస్తుంది. పేరు నాకు. నా లెక్క ఎవరు రాస్తారు?" అంది. బేస్‌బాల్ నాకంటే తొందరగా అర్థమైంది ఆవిడకే.

కానీ, ఆగండి. ఆ సున్నా ఉన్న వరసలోనే, హెండ్లీ పేరు పక్కన బ్రాకెట్లో ఇంకో అక్షరం ఉంది. ఓడినవాడని గుర్తు. ఆట అంటే ఎవరో ఒకరు గెలవాలి, ఎవరో ఒకరు ఓడాలి. ఓటమి ఏదో ఒక పిచర్ ఖాతాలో పడాలి. దానికి మినహాయింపు లేదు. తప్పు నీది కాదు, కానీ ఓటమి నీదే. రెండు మాటలూ ఒకే వరసలో, బెత్తెడు దూరంలో. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యలేదు. పోస్ట్‌మాన్ "మంచి ఏడుపు" అన్నది దీన్నే కాబోలు.

అక్కడ నాకు నా మార్కుల రిజిస్టరు గుర్తొచ్చింది. దాంట్లోనూ గళ్లున్నాయి. నంబరు, పేరు, మార్కులు, ఫలితం. 1987 పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో మా స్కూలు కుర్రాడొకడికి అన్ని సబ్జెక్టులూ గట్టెక్కి, లెక్కల్లో 31 వచ్చాయి. కావలసినవి 35. చురుకైనవాడు. ఆ శీతాకాలం తండ్రి మంచాన పడితే, రెండు నెలలు బడి మానేసి చేను చూసుకున్నాడు. కోతలు అయ్యాకే బళ్లోకి వచ్చాడు. రిజిస్టర్లో మాత్రం 31, దాని పక్కన ఎర్రసిరాతో ఫలితం. చేనుకి గడి లేదు. తండ్రి మంచానికి గడి లేదు. ఆ నాలుగు మార్కులూ ఆర్జితమా, అనార్జితమా అని అడిగేవాళ్లు లేరు. 31 అంటే 31. పరీక్ష దిద్దినవాళ్లని అనడానికేం లేదు. కాయితమ్మీద ఉన్నదానికే వాళ్లు మార్కులు వెయ్యాలి కదా.

అసలు మన భాషే చూడండి. పొరపాటు చేస్తే "తప్పు చేశాడు" అంటాం. పరీక్షలో నెగ్గకపోతే "పరీక్ష తప్పాడు" అంటాం. చేసిన తప్పుకీ, వచ్చిన ఓటమికీ ఒకే మాట. బేస్‌బాల్ వాళ్లు అవి వేరువేరని తెలుసుకుని, రెంటికీ రెండు గళ్లు గీసుకున్నారు. మనం నోటితో కలిపేస్తాం.

ఆ కుర్రాడు మళ్లీ పరీక్షకి కూర్చోలేదు. లారీల మీద క్లీనరుగా వెళ్లి, మెకానిక్కై, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్లో విడిభాగాల షాపు నడుపుతున్నాడు. యాభై దాటాయి. ఏటా దసరాకి పళ్లు పట్టుకుని వస్తాడు. షాపులో కాలిక్యులేటరు ఉంది కానీ దాన్ని ముట్టుకోడు. పది రకాల సామాన్ల ధర, పన్నుతో సహా నోటితోనే చెప్పేస్తాడు. అలాంటివాడు కొత్తవాళ్లెవరైనా మా ఇంట్లో ఉంటే, "నేను మేష్టారి దగ్గర లెక్కల్లో తప్పినవాణ్ణండీ" అని పరిచయం చేసుకుంటాడు. నవ్వుతూనే అంటాడు. ముప్ఫయ్యేళ్లకి పైగా అంటున్నాడు. ఆ నవ్వు నాకెప్పుడూ మింగుడుపడేది కాదు.

ఆ ఏడాది దసరాకి అతను రాగానే, షికాగో నుంచి తెచ్చుకున్న బాక్స్ స్కోర్ నకలు ముందు పెట్టాను. ఆట వివరించాను. హెండ్లీ వరస చూపించాను. "చూశావుటోయ్, ఓడిపోయాడు. కానీ ఈ గడిలో ఏముంది? సున్నా. ఓడినవాళ్లందరూ తప్పు చేసినవాళ్లు కారు. నీ 31 పక్కన కూడా ఒక సున్నా ఉండాల్సింది. మా రిజిస్టర్లో దానికి గడి లేకపోయింది, అంతే" అన్నాను. చాలాకాలంగా చెప్పాలనుకుంటున్న మాట. ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయిన మాట.

అతను చాలాసేపు ఆ కాయితం చూశాడు. కళ్లజోడు పైకి జరుపుకున్నాడు. కళ్లు తుడుచుకుంటాడేమోనని నేను అటువైపు తిరిగాను కూడా. కానీ అతను అడిగిందేమిటో తెలుసా?

"మరి ఆ విసిరినవాడి సంగతేంటి మేష్టారూ?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. హెండ్లీ మీద జాలిపడ్డంలో క్రుగ్‌ని దాటుకుంటూ వచ్చేశానని అప్పుడు తెలిసింది. ఇరవై నాలుగు గంటలూ షాపులో పిల్లల చేత సామాన్లు ఇప్పించుకునేవాడు గనక అతనికి ఆ కుర్రాడు కనిపించాడు. ఒక కుర్రాడి చేతిలోంచి జారిపడ్డ సామాను ఖరీదు అతనికి తెలుసు. పడేసినవాడి మొహం ఎలా ఉంటుందో కూడా తెలుసు.

తెలిసినంతవరకూ చెప్పాను. ఆ రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కబ్స్ తరఫున మొదట బ్యాటు పట్టుకుని వచ్చింది ఆ క్రుగ్గే. పోగొట్టింది తిరిగి తెద్దామనే వచ్చి ఉంటాడు. కానీ ఎదురుగా ఉన్నది కోఫాక్స్. "కే". అయినా ఆ తప్పుతో అతని ఆట ముగిసిపోలేదు. ఆ మరుసటి ఏడూ కబ్స్‌కి ఆడాడు. 1969లో శాన్ డియాగో పాడ్రెస్ తరఫునా ఆడాడు. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆ ఆట జరిగిన అయిదు రోజులకి, సెప్టెంబరు 14న, షికాగోలో అవే రెండు జట్లు మళ్లీ తలపడ్డాయి. మళ్లీ అటు కోఫాక్స్, ఇటు హెండ్లీ. ఈసారి కబ్స్ 2, డాడ్జర్స్ 1. గెలిచినవాడు హెండ్లీ.

"అలా అయితే సరే" అన్నాడతను, ఏదో బేరం కుదిరినట్టు.

ఆ తర్వాత మా ఇద్దరికీ కాయితం మీద వేరే సంగతులు కనిపించడం మొదలెట్టాయి. అతను వేలు పెట్టి క్రుగ్ వరస వెతికాడు. మూడుసార్లు ఆడాడు. పరుగులు సున్నా, హిట్లు సున్నా. "పైవాడికీ సున్నాలే, కిందవాడికీ సున్నాలే. ఆ బ్యాంక్స్ అన్నాయనకీ ఇంతే కదండీ" అన్నాడు. నిజమే. ఆ రాత్రి ఆ జట్టులో క్రుగ్ ఎవరికీ తీసిపోలేదు. కొట్టలేకపోవడంలో తొమ్మిదిమందీ సమానులే. బంతి విసరవలసిన అవసరం అతని ఒక్కడికే వచ్చింది. మిగతావాళ్లకి తప్పు చేసే అవకాశమే రాలేదు.

కోఫాక్స్ ఆ తర్వాత ఒక్క ఏడాదే ఆడాడు. మోచేతి కీళ్లవాతంతో 1966 సీజన్ ముగియగానే, ముప్ఫయ్యో ఏట బంతి దించేశాడు. 1972లో ఆ ఆట మహనీయుల జాబితాలోకి ఎక్కాడు. హెండ్లీ ఆడినన్నాళ్లూ మొత్తమ్మీద 48 గెలిచి 52 ఓడాడు. ఆ 52లో ఈ ఒక్కటీ ఉంది. మొత్తం అంకె చూసినవాడికి అది ఎలాంటి ఓటమో తెలియదు. తెలియాలంటే ఈ చిన్న కాయితం దగ్గరికి రావాలి.

వచ్చి చూస్తే ఏముంది? "తప్పు: క్రుగ్." అంతే. పక్కన ఇంకో మాట లేదు. చేతకానివాడని లేదు. పాపం కొత్తవాడని లేదు. వీడివల్లే కొంప మునిగిందని లేదు. జరిగింది రాసి, నోరు మూసుకుంది. మనమైతే ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ విశేషణాలు తగిలించి చెబుదుము. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా, "అదుగో, ఆ బంతి విసిరినవాడు" అని వేలు పెట్టి చూపిద్దుము. లేదా అతనే ముందుగా చెప్పుకుని నవ్వేసేలా చేద్దుము.

ఆటోనగర్ ఆయన నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. షాపులో పనిచేసే కుర్రాడొకడు నిన్న ఖరీదైన గేర్‌బాక్సు భాగం ఒకటి పడేశాడట. "వాడికి చూపిస్తాను మేష్టారూ. 'తప్పు' అని రాసి ఉంటుంది, ఇంకేమీ రాసి ఉండదు, చూసుకోమంటాను" అన్నాడు.

మరి దాని ఖరీదు ఎవరి ఖాతాలో అన్నాను.

"అది షాపు ఖాతాలోనండీ. ఎవరో ఒకరి పేరున పడాలి కదా" అన్నాడు.